కామిని కంచె: మొదలు నుంచే దట్టంగా పెంచడం ఎలా?

ఇంటి ముందు పెంచిన పచ్చని కంచెల్లో చాలావాటికి ఒకే లోపం కనిపిస్తుంది. పైభాగం గొడుగులా దట్టంగా ఉంటుంది కానీ మోకాలి ఎత్తు వరకు ఉత్త కాండాలే ఉంటాయి, వాటి సందుల్లోంచి అవతలి వైపు అంతా కనబడుతుంది. ఈ లోపం నాలుగైదేళ్ల తర్వాత బయటపడినా, దానికి కారణం మొక్క నాటిన మొదటి రెండేళ్లలోనే ఉంటుంది. మొక్క త్వరగా ఎత్తు పెరగాలన్న ఆత్రంతో ఆ రెండేళ్లూ కత్తెర పట్టకుండా వదిలేస్తే, తర్వాత ఎంత ఎరువు వేసినా, ఎంత నీరు పోసినా కింది భాగం నిండదు. నేను పెంచిన మొదటి కంచె విషయంలో ఇదే జరిగింది. దాన్ని మళ్లీ మొదలు దాకా కొట్టి, కొత్తగా చిగురింపజేయడానికి, మొదట్లో ఆదా అయిందనుకున్న కాలం కన్నా ఎక్కువ కాలమే పట్టింది. అందుకే ఈ వ్యాసంలో మిగిలిన పనులన్నిటి కన్నా తొలి కత్తిరింపుల గురించి ఎక్కువగా చెబుతాను.

కంచె కోసం ఇక్కడ తీసుకున్న మొక్క కామిని. మధుకామిని అని కూడా పిలిచే దీని శాస్త్రీయ నామం ముర్రాయా పానిక్యులాటా. ఇది నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన సతత హరిత పొద. దక్షిణాసియా, ఆగ్నేయాసియా నుంచి ఆస్ట్రేలియా ఉత్తర భాగం వరకు సహజంగా పెరుగుతుంది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడైన యోహాన్ ఆండ్రియాస్ ముర్రే పేరు మీదుగా ఈ ప్రజాతికి, అంటే దగ్గరి సంబంధమున్న మొక్కల సమూహానికి, ముర్రాయా అనే పేరు వచ్చింది. మనకు బాగా తెలిసిన కరివేపాకును కూడా చాలాకాలం ఇదే ప్రజాతిలో లెక్కించారు. నిగనిగలాడే చిన్న చిన్న ముదురాకుపచ్చ పత్రకాలు, తెల్లని సువాసన పూలు, తర్వాత వచ్చే ఎర్రని చిన్న కాయలు దీని గుర్తులు. కత్తిరించకుండా వదిలేస్తే చిన్న చెట్టంత అవుతుంది. కత్తిరిస్తూ ఉంటే ఒక మీటరు నుంచి రెండు మీటర్ల ఎత్తులో ఎన్నేళ్లయినా కంచెగా నిలుస్తుంది. మంచు గడ్డకట్టే చలిని మాత్రం ఇది సరిగా తట్టుకోలేదు. అలాంటి శీతాకాలం ఉన్న చోట కంచెకు వేరే మొక్కను ఎంచుకోవడమే మంచిది.

నాటే ముందు ఆలోచించవలసిన రెండు విషయాలు

మొదటిది, దగ్గరలో నిమ్మ, నారింజ, బత్తాయి వంటి చెట్లు ఉన్నాయా అన్నది. సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగుకు కామిని లేత చిగురు చాలా ఇష్టమైన ఆహారం. నిమ్మజాతి చెట్లను క్రమంగా చంపే గ్రీనింగ్ తెగులును ఈ పురుగే ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు చేరవేస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లోనూ, తెగులు 2005లోనూ బయటపడ్డాయి, ఆ తర్వాత అక్కడి నారింజ తోటలు తీవ్రంగా నష్టపోయాయి. కాబట్టి పక్కనే నిమ్మజాతి తోట ఉంటే కామిని నాటవద్దని నా గట్టి సలహా. కొన్ని ప్రాంతాల్లో ఈ మొక్కలను ఒక చోటు నుంచి మరో చోటుకు తీసుకువెళ్లడంపై ఆంక్షలు కూడా ఉంటాయి, ముందుగా కనుక్కోండి. రెండోది, పక్షులు దీని కాయలను తిని గింజలను దూరంగా వేస్తాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వంటి చోట్ల ఇది అడవుల్లోకి పాకి కలుపు మొక్కగా మారింది. మీ పరిసరాల్లో అలాంటి సమస్య ఉంటే, పూలు రాలిన వెంటనే కత్తిరించి కాయలు పండకుండా చూడాలి.

చోటు, నేల

రోజుకు కనీసం నాలుగైదు గంటలు నేరుగా ఎండ తగిలే చోటు కావాలి. పాక్షిక నీడలోనూ కామిని బతుకుతుంది కానీ కొమ్మలు సాగి, ఆకుల మధ్య దూరం పెరిగి, కంచె పలచబడుతుంది, పూలూ తగ్గుతాయి. గోడ పక్కన నాటదలిస్తే గోడకూ మొక్కల వరుసకూ మధ్య కనీసం 75 సెంటీమీటర్ల ఎడం వదలండి. కంచె పూర్తిగా పెరిగాక అవతలి వైపు నిలబడి కత్తిరించడానికి మనిషికి చోటు లేకపోతే ఆ వైపు కొమ్మలు గోడకు ఒరుసుకుపోయి ఎండిపోతాయి. చిన్న మొక్క దగ్గర నిలబడి చూసినప్పుడు ఈ దూరం మరీ ఎక్కువగా అనిపిస్తుంది, అయినా తగ్గించకండి.

నీరు నిలిచే నేలలో కామిని వేరు కుళ్లి చనిపోతుంది. దీన్ని ముందే తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. 30 సెంటీమీటర్ల లోతు గొయ్యి తవ్వి నిండా నీరు పోయండి, అది ఇంకిపోయాక మళ్లీ నింపి, ఒక గంటలో నీటి మట్టం ఎంత దిగిందో కొలవండి. రెండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువ దిగితే ఆ నేలలో మురుగు సరిగా పోవడం లేదని అర్థం. అప్పుడు గొయ్యి లోతు పెంచడం వల్ల ఉపయోగం లేదు, ఆ గొయ్యే నీటి తొట్టిగా మారుతుంది. దానికి బదులు వరుస పొడవునా 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తున కట్ట పోసి, దాని మీద నాటాలి. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లోనూ, కొత్తగా కట్టిన ఇంటి చుట్టూ సిమెంటు, ఇటుక ముక్కలు కలిసిపోయిన మట్టిలోనూ ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. అలాంటి చోట నాటే చాలు (పొడవాటి గాడి) అంతటా చెడ్డ మట్టిని తీసేసి మంచి మట్టి నింపుకోవడం ఒకేసారి చేసే ఖర్చు, తర్వాత ఏటేటా మందులు చల్లే బాధ తప్పుతుంది.

మొక్కల ఎంపిక

ఎత్తైన మొక్కలు కొంటే కంచె త్వరగా తయారవుతుందని అనుకోవడం సహజమే కానీ, కంచె విషయంలో అది నిజం కాదు. మీటరు ఎత్తు పెరిగి, కింద అంతా కాండమే ఉన్న మొక్క కన్నా, 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో మట్టి దగ్గర నుంచే మూడు నాలుగు కొమ్మలు వేసిన మొక్క ఎంతో మేలు. సంచి లేదా కుండీ అడుగు చూడండి. వేర్లు గుండ్రంగా చుట్టుకుని గట్టిపడి ఉంటే ఆ మొక్కను తీసుకోవద్దు. లేత చిగుళ్లను, ఆకుల అడుగు భాగాన్ని కూడా పరిశీలించి, పురుగు లేనివే ఎంచుకోండి.

కంచె అంతా ఒకే తీరుగా ఉండాలంటే మొక్కలన్నీ ఒకే వయసువి, వీలైతే ఒకే తల్లి మొక్క కొమ్మల నుంచి పెంచినవి అయి ఉండాలి. గింజ మొక్కలు పెరిగే వేగంలోనూ, ఆకు పరిమాణంలోనూ కొంత తేడా చూపుతాయి. మొక్కల మధ్య 50 సెంటీమీటర్ల దూరం చొప్పున పది మీటర్ల పొడవుకు 21 మొక్కలు అవసరమవుతాయి. వాటికి తోడు మరో రెండు మూడు మొక్కలను కొని కుండీల్లో విడిగా పెంచుతూ ఉండండి, వాటి అవసరం చివర్లో చెబుతాను.

సొంతంగా మొక్కలు తయారు చేసుకోవాలనుకుంటే, లేత ఆకుపచ్చ దశ దాటి కొద్దిగా ముదిరిన కొమ్మలను 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున కణుపు కిందుగా కత్తిరించి, కింది ఆకులు తీసి, వేర్లు పుట్టించే హార్మోను పొడి అద్ది, ఇసుక కలిపిన మట్టిలో నీడపట్టున నాటండి. పైన పలచని ప్లాస్టిక్ కవరు కప్పి తేమ నిలపాలి. కామిని కొమ్మలు వేళ్లూనడానికి తొందరపడవు, అన్నీ బతకవు కూడా. కాబట్టి కావలసిన దానికి రెట్టింపు పెట్టుకోవడం మంచిది. గింజల నుంచి అయితే, పూర్తిగా ఎర్రబడిన కాయల గుజ్జు తీసి, కడిగి, ఆరబెట్టి దాచకుండా వెంటనే విత్తాలి, ఎందుకంటే ఈ గింజలకు నిల్వ గుణం చాలా తక్కువ.

నాటడం

వేడి తీవ్రంగా లేని, నేలలో తేమ నిలిచే కాలంలో నాటండి. ముందుగా వరుస రెండు చివరలా మేకులు దిగ్గొట్టి పురికొస లాగి కట్టండి. కంటితో చూసి తిన్నగా ఉందనుకున్న వరుస, మొక్కలు పెరిగాక వంకరగా కనిపిస్తుంది. విడివిడి గోతుల కన్నా ఒకే చాలు తవ్వడం మేలు. 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు సరిపోతుంది. తవ్విన మట్టిలో నాలుగో వంతు బాగా మాగిన పశువుల ఎరువు గానీ కంపోస్టు గానీ కలపండి. నేలలో వేర్లను దెబ్బతీసే నులిపురుగుల బెడద ఉంటే కొంత వేపపిండి కూడా కలపవచ్చు. పచ్చి ఎరువు మాత్రం వేయవద్దు, దాని వేడికి లేత వేర్లు మాడిపోతాయి.

కంచెకు ఒక్క వరుస చాలు. మరీ దట్టమైన అడ్డు కావాలంటే 40 సెంటీమీటర్ల ఎడంలో రెండు వరుసలు వేసి, మొదటి వరుసలోని రెండు మొక్కల మధ్య ఖాళీకి ఎదురుగా రెండో వరుస మొక్క వచ్చేలా నాటండి. మొక్క సంచిలో ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే లోతున ఉండాలి, కాండం మొదలు మట్టిలో కూరుకుపోకూడదు. కాలితో గట్టిగా తొక్కకుండా చేతులతో మట్టి అదిమి, నిండుగా నీరు పోస్తే మట్టి దానంతటదే సర్దుకుంటుంది. తర్వాత ఎండు ఆకులు లేదా గడ్డి ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందాన పరిచి, కాండం చుట్టూ మాత్రం నాలుగు వేళ్ల ఎడం ఖాళీగా ఉంచండి.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, ఎండ ఎక్కువగా ఉంటే రోజూ నీరు అవసరం. ఆ తర్వాత మట్టిలో వేలు గుచ్చి చూసి, పై ఐదు సెంటీమీటర్లు పొడిబారినప్పుడే నీరు పోయండి. రోజూ పైపైన తడిపితే వేర్లు పైకే చేరతాయి. కొన్ని రోజుల ఎడంతో, లోతుగా తడిసేలా పెడితే కిందికి దిగుతాయి, అలా దిగిన కంచె రెండో ఏడాది నుంచి కొద్దిపాటి నీటి ఎద్దడిని తట్టుకుంటుంది.

మొదటి రెండేళ్ల కత్తిరింపు

ప్రతి కొమ్మ చివరన ఉండే మొగ్గ ఆక్సిన్ అనే హార్మోనును తయారు చేసి కిందికి పంపుతుంది. ఆ హార్మోను అందుతున్నంత సేపూ కింది కణుపుల్లోని మొగ్గలు నిద్రాణంగా ఉండిపోతాయి, కొమ్మ నిలువునా పెరుగుతూ పోతుంది. చివరను తుంచగానే ఆ అదుపు తొలగి, కోత కింద ఉన్న రెండు మూడు కణుపుల నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. కంచె కత్తిరింపు అంతా ఈ ఒక్క సూత్రం మీదే ఆధారపడి ఉంది. కోతకు రెండేసి కొమ్మలే వస్తాయనుకున్నా, ఐదు కోతల తర్వాత ఒక్క కొమ్మ 32 కొమ్మలవుతుంది. కత్తిరించకుండా వదిలిన మొక్క ఆపాటికి చాలా ఎత్తు పెరిగి ఉంటుంది కానీ, దాని చేతిలో ఉన్నవి మాత్రం నాటిన నాటి కొమ్మలే.

నాటిన రోజే కత్తిరించాలని కొందరు చెబుతారు. నేను కొన్ని వారాలు ఆగుతాను, ఎందుకంటే కొత్త వేర్లు పుట్టడానికి కావలసిన ఆహారం ఆ ఆకుల నుంచే రావాలి. కొత్త చిగురు కనిపించిందంటే వేరు పట్టిందని గుర్తు. అప్పుడు మొక్క ఎత్తులో మూడో వంతు తీసేయండి. 45 సెంటీమీటర్ల మొక్క 30 సెంటీమీటర్లకు వస్తుంది. ఈ కోతకు చేయి రాకపోవడం ఎవరికైనా సహజం, కానీ కంచె అడుగు భాగం నిండేది సరిగ్గా ఈ కోత వల్లే.

ఆ తర్వాత కొత్త కొమ్మలు 20 సెంటీమీటర్లు పెరిగిన ప్రతిసారీ వాటిని సగానికి, అంటే పది సెంటీమీటర్లకు తుంచాలి. ఇలా చేస్తే కంచె ఒక్కో విడతకు పది సెంటీమీటర్ల చొప్పున మాత్రమే ఎత్తు పెరుగుతుంది. అది నెమ్మదే అయినా, పెరిగిన ప్రతి పది సెంటీమీటర్లూ నిండుగా ఉంటుంది. పక్కకు వచ్చే కొమ్మలను కూడా ఇదే తీరున తుంచండి, ఎందుకంటే పక్క మొక్కతో కలిసిపోయి సందు మూసేది అవే. కోత ఎప్పుడూ ఆరోగ్యకరమైన కణుపుకు కొద్దిగా పైన పడాలి. ఈ దశలో పెద్ద కత్తెర కన్నా చేతిలో ఇమిడే సికేచర్ వాడటం మంచిది, ఎందుకంటే ఒక్కో కొమ్మను చూసి ఎక్కడ తుంచాలో నిర్ణయించుకోవచ్చు.

వానాకాలపు పెరుగుదల చూసి ఒక్కోసారి, ఈ విడత వదిలేస్తే కావలసిన ఎత్తు ఒకేసారి వచ్చేస్తుందన్న ఆశ కలుగుతుంది. ఆ ఆశకు లొంగవద్దు. ఒక్క విడత వదిలితే అక్కడ అర మీటరు మేర కొమ్మలు లేని పలచని పట్టీ ఏర్పడి, కంచె బతికినంత కాలం కనబడుతుంది.

ఆకారం

కంచె పక్కలు నిట్టనిలువుగా ఉండకూడదు. పైభాగం కన్నా అడుగు వెడల్పుగా ఉంటేనే కింది ఆకులకు ఎండ అందుతుంది. పైన వెడల్పైతే ఆ నీడలో కింది కొమ్మలు ఒక్కొక్కటిగా ఎండిపోతాయి. 150 సెంటీమీటర్ల ఎత్తు కంచెకు అడుగున 80, పైన 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంచితే, ఒక్కో వైపు పది సెంటీమీటర్ల వాలు వస్తుంది. దూరం నుంచి చూసేవారికి ఈ వాలు తెలియనే తెలియదు. కత్తిరించేటప్పుడు రెండు చివరలా కర్రలు పాతి, పై అంచుకు ఒకటి, అడుగు అంచుకు ఒకటి చొప్పున తాళ్లు కట్టుకుని, పక్కలను కింది నుంచి పైకి కత్తిరిస్తూ రండి. పైభాగాన్ని చివరన సరిచేయండి.

కంచె రూపు దిద్దుకున్నాక పెద్ద కత్తెరతో పైపైన సమం చేయడం అలవాటవుతుంది. కానీ అదే పనిగా అలా చేస్తే బయట అరచేతి మందాన ఆకుల పొర ఏర్పడి, లోపల అంతా ఎండు పుల్లలే మిగులుతాయి. ప్రతి కత్తిరింపులోనూ అక్కడక్కడా కొన్ని కొమ్మలను సికేచర్‌తో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోపలికి కోసి తీసేయండి. ఆ చిన్న చిన్న కిటికీల గుండా వెలుతురు లోపలికి వెళ్లి, ముదురు కొమ్మలు కూడా చిగురిస్తాయి. ఏడాదికి ఒకసారైనా ఇది చేసి తీరాలి. కత్తెర పెట్టే ముందు కొమ్మల మధ్య పక్షి గూడు ఉందేమో చూడండి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చుట్టుపక్కల కత్తిరించకుండా ఆగితే కంచెకు వచ్చే నష్టమేమీ లేదు.

పూల విషయంలో మాత్రం మీరే తేల్చుకోవాలి. కామిని పూసేది కొత్త కొమ్మల చివర్లలో. పొడి కాలం తర్వాత మంచి వాన పడితే కొద్ది రోజుల్లోనే కంచె అంతా తెల్లబడి, సాయంత్రాలు పరిసరాలన్నీ సువాసనతో నిండిపోతాయి. నెలనెలా గీత గీసినట్లు కత్తిరించే కంచెకు ఈ భాగ్యం తక్కువ. నా అభిప్రాయంలో, పూలు రాలిన వెంటనే ఒకసారి బాగా కత్తిరించి, మళ్లీ పూసే వరకు పొడుచుకొచ్చిన కొమ్మలను మాత్రమే సవరిస్తే రెండూ దక్కుతాయి.

పోషణ, తెగుళ్లు

ఏడాదికి రెండు మూడు సార్లు, పెరుగుదల ఉన్న కాలంలో, మొక్కల మొదళ్ల వెంట కంపోస్టు పలచగా పరిచి నీరు పెడితే చాలు. నత్రజని ఎరువు ఎక్కువైతే మెత్తని చిగురు విపరీతంగా వచ్చి పురుగులను ఆకర్షిస్తుంది. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపుగా మారితే అది ఇనుము లోపం. లీటరు నీటికి ఐదు గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట ఆకుల మీద పిచికారీ చేస్తే తేరుకుంటుంది. ముదురు ఆకులు ముందుగా పసుపుబారితే అది ఇనుము లోపం కాదు, నత్రజని లోపమో, నీరు నిలవడమో కారణమై ఉంటుంది.

ఆకుల మీద మసి పట్టినట్లు నల్లగా కనిపిస్తే ఆ మసిని తుడవడంతో సరిపెట్టకండి. పిండినల్లి, పొలుసు పురుగు, తెల్లదోమ వంటివి విసర్జించే తీపి జిగురు మీద ఆ బూజు పెరుగుతుంది కాబట్టి, ఆకుల అడుగున వాటిని వెతకాలి. బాగా పట్టిన కొమ్మలను కోసి తీసేసి, మిగిలిన వాటిపై లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి ఎండ తగ్గాక చల్లండి. వారం పది రోజులకు మళ్లీ చల్లాలి. సిల్లా పురుగును గుర్తించడం తేలిక. పెద్ద పురుగులు తల కిందికి, తోక పైకి ఏటవాలుగా పెట్టి ఆకుపై కూర్చుంటాయి, పిల్ల పురుగులు లేత చిగుళ్ల మీద తెల్లని మైనపు దారాలు విడుస్తాయి. వాటిని చూసిన వెంటనే ఆ చిగుళ్లను తుంచి సంచిలో కట్టి పారేయండి, కంచె కింద వదిలేయవద్దు.

పాతబడిన కంచెను సరిచేయడం

ఇప్పటికే కింద ఖాళీ అయిపోయిన కంచె మీకు ఉంటే దాన్ని పీకేయనవసరం లేదు. కామిని ముదురు కాండం నుంచి కూడా చిగురిస్తుంది. అయితే మొత్తం ఒకేసారి కొట్టేస్తే కొన్ని మొక్కలు కోలుకోలేకపోవచ్చు. మొదటి ఏడాది ఒక పక్క కొమ్మలను ప్రధాన కాండాల దగ్గరి దాకా కోసి, రెండో పక్కను అలాగే ఉంచండి. అటు చిగురు నిండాక, మరుసటి ఏడాది రెండో పక్క కోయండి. ఎత్తును ఆ తర్వాతే తగ్గించాలి. కోతకు నెల ముందు కంపోస్టు వేసి, కోశాక నీరు తగ్గకుండా చూస్తే చిగురు బలంగా వస్తుంది. ఆ చిగురును కూడా, కొత్త మొక్కలకు చేసినట్లే, 20 సెంటీమీటర్లకు ఒకసారి సగానికి తుంచుతూ రావాలి.

వరుసలో ఒక మొక్క చనిపోతే కుండీల్లో దాచిన మొక్కలు అప్పుడు అక్కరకొస్తాయి. చనిపోయిన మొక్కను వేర్లతో సహా తీసి, ఆ చోటి మట్టిని 40 సెంటీమీటర్ల లోతు వరకు మార్చి, పక్క మొక్కల వేర్లు లోపలికి చొచ్చుకు వచ్చి ఉంటే పదునైన పారతో కోయండి. పక్కవాటి నీడ తగలకుండా రెండు వైపుల కొమ్మలనూ ఒక జానెడు వెనక్కి కత్తిరించి, ఖాళీలో కొత్త మొక్కను నాటండి. నీటి కోసం అది పెద్ద మొక్కలతో పోటీ పడవలసి వస్తుంది కాబట్టి, ఆ ఒక్క మొక్కకు కనీసం ఒక ఏడాది పాటు ప్రత్యేకంగా పాదు కట్టి నీరు పోయాలి.